బడి పొలం వేరు, ఆటస్థలం వేరు

మన బడి పూర్వ విద్యార్థుల సంచికకి ఏదైనా రాయమంటే అందరూ మాస్టార్ల గురించీ, తిన్న దెబ్బల గురించీ రాస్తారు కాబట్టి నేను బడి భూముల గురించి రాస్తున్నాను. బడిని నడిపే ట్రస్టు వాళ్లు ఆటస్థలాన్ని షాపులకి లీజుకిస్తారట అన్న మాట బయటికొచ్చినప్పటి నుంచీ మన గ్రూపులో జరుగుతున్న గొడవ చూశాక రాయక తప్పలేదు.

మనం చదివేటప్పుడు బడి వెనక పొలం కౌలుకి ఉండేది, గుర్తుందా? బంతి అందులో పడితే కౌలు రైతు కేకలేసేవాడు, మనకి తెలిసింది అంతే. ఆ కౌలు డబ్బు లైబ్రరీకీ, ఫీజు కట్టలేని పిల్లలకీ ఖర్చుపెట్టాలని దాత రాసిపెట్టిన సంగతి నాకు మొన్న దానపత్రం నకలు చదివితే గానీ తెలియలేదు. నకలు దొరకడం కష్టమేం కాదు, రిజిస్టరైన స్థిరాస్తి దస్తావేజుల నకళ్లు ఎవరడిగినా ఫీజు కట్టించుకుని ఇవ్వాలని 1908 రిజిస్ట్రేషన్ చట్టమే చెబుతోంది. ఆ గొలుసుకట్టు రాత చదవడానికే తల ప్రాణం తోకకొచ్చింది.

దానపత్రంలో రెండు స్థలాలకీ షరతులు వేరు. పొలం మీద వచ్చే ఆదాయంతో బడి నడపాలి. బడి కట్టిన స్థలంలో, ఆటస్థలంలో మాత్రం బడే నడపాలి. నా లెక్కలో మొత్తం గొడవ ఇక్కడే తేలిపోతుంది. మొదటిది ఆదాయం కోసం ఇచ్చిన ఆస్తి, దాన్ని మంచి కౌలుకివ్వడం ధర్మకర్తల (ట్రస్టీల) పని, బీడు పెడితేనే తప్పు. రెండోది పిల్లలు వాడుకోవడానికి ఇచ్చింది, దాని మీద ఎంత అద్దె వచ్చినా, పిల్లలు ఆడుకునే చోటు పోయాక దాత ఏ పనికి ఇచ్చాడో ఆ పని ఆగిపోయినట్టే. "ట్రస్టు భూమి లీజుకివ్వడమే తప్పు" అని సగం మంది, "ఆదాయం వస్తే చేదా" అని మిగతా సగం అరుస్తున్నారు, నిజానికి చెరో స్థలం గురించి మాట్లాడుతున్నారు.

ఇక ఎన్నాళ్లకి, ఎంతకి అన్నది. 1882 ట్రస్టుల చట్టం 36వ సెక్షన్ ప్రకారం 21 ఏళ్లు దాటిన లీజుకి సివిల్ కోర్టు అనుమతి కావాలి, న్యాయంగా రాగలిగినంత మంచి అద్దె రాబట్టాలి. ఆ చట్టం ప్రైవేటు ట్రస్టులదే, మనలాంటి ధర్మాదాయ (అంటే అందరి మేలు కోసం పెట్టిన) ట్రస్టుకి నేరుగా వర్తించదు, అయినా కొలబద్దగా పనికొస్తుంది. మనకి అసలు దారి సివిల్ ప్రొసీజర్ కోడ్ 92వ సెక్షన్. ట్రస్టులో "ప్రయోజనం", అంటే దానితో నిజమైన సంబంధం, ఉన్న ఇద్దరు వ్యక్తులు కోర్టు అనుమతి తీసుకుని దావా వేయొచ్చు, లెక్కలు చూపించమనొచ్చు, ఆస్తిని లీజుకివ్వడానికి అనుమతి కూడా ఆ సెక్షన్ కిందే కోర్టు ఇవ్వగలదు. పాత విద్యార్థి అన్నంత మాత్రాన "ప్రయోజనం" ఉన్నట్టేనా అంటే అది కోర్టు తేల్చాలి, మనవాళ్లు ముందే ఆవేశపడొద్దు.

ఇంకోటి, ఏడాది దాటిన లీజు రిజిస్టర్ చేయించి తీరాలి. కాబట్టి ఎవరైనా "కాగితం లేదు, మాట మీదే ఇచ్చాం" అంటే నాకైతే టెన్షన్. అద్దె పెంచే షరతు లేకుండా 99 ఏళ్లకి రాసిస్తే దాన్ని లీజని ఎందుకంటారో నాకు అర్థం కాదు, అమ్మేశామని చెప్పుకోవచ్చుగా. ఆ స్థలం ధర్మకర్తల బంధువులకే తక్కువ అద్దెకి ఇస్తే పన్ను మినహాయింపుకీ ముప్పే, ఆదాయపు పన్ను చట్టంలో ఆ నిబంధన పెట్టింది అందుకే.

ధర్మకర్తల బాధ కూడా నిజమే. పైకప్పు కారుతోంది, జీతాలు పెరిగాయి. అందుకే నేననేది, ముందు పొలం కౌలు బహిరంగ వేలం వేసి, మూడేళ్లకోసారి తిరగరాయండి. ఆ డబ్బు చాలకపోతే అప్పుడు మమ్మల్ని అడగండి, తలా కొంత వేసుకుంటాం. ఆటస్థలం లీజు ముసాయిదా ఇప్పటికే తయారైపోయి ఉంటే మాత్రం, సంతకాలకి ముందు పూర్వ విద్యార్థుల సంఘానికి ఒక కాపీ పంపండి.