ఆరు రోజులు గుబిలే అనుకున్నాను

పోయిన ఏడాది ఆషాఢంలో లష్కర్ బోనాలకని సికింద్రాబాద్‌లో మా అక్క వాళ్ళింటికి వెళ్ళి, వానలో తడుస్తూ రాత్రి పదింటికి మల్కాజిగిరి చేరుకుని పడుకున్నాను. తెల్లారి లేచేసరికి కుడి చెవి దిబ్బడేసి ఉంది. బస్సు ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు చెవులు మూసుకుపోతాయే, అచ్చం అలాగే. నొప్పి లేదు, చీము లేదు, జ్వరం లేదు. లోపల మాత్రం పక్కింట్లో మిక్సీ ఆడుతున్నట్టు ఒకటే హోరు. ముక్కు పట్టుకుని గాలి బిగబట్టి చూశాను, ఆవలించి చూశాను, తెరుచుకోలేదు. నిన్న తడిశాను కదా, జలుబు చేసి ఉంటుందిలే అనుకుని స్కూలుకు వెళ్ళిపోయాను.

నాకు 47 ఏళ్ళు. గవర్నమెంటు హైస్కూల్లో లెక్కలు చెబుతాను. తొమ్మిదేళ్ళుగా షుగర్ ఉంది, ఆ సంగతి కూడా ఈ కథలో ముఖ్యమే. చెవిపోటు వస్తే అర్ధరాత్రయినా డాక్టర్ కోసం పరిగెత్తే మనం, నొప్పి లేకుండా చెవి మూసుకుపోతే మాత్రం "అదే పోతుందిలే" అని వారం ఆగుతాం. నేను ఆరు రోజులు ఆగాను. ఆ ఆరు రోజులు ఇప్పటికీ గుర్తొచ్చి బాధపెడతాయి, అందుకే ఇది రాస్తున్నాను.

సోమవారం సాయంత్రం మా అత్తయ్య వెల్లుల్లి వేసి కాచిన నూనె గోరువెచ్చగా రెండు చుక్కలు వేశారు. "గుబిలి గట్టిపడి ఉంటుందమ్మా, నానితే అదే ఊడొస్తుంది" అన్నారు. ఆవిడ ప్రేమతో చేశారు, ఆవిడ మీద నాకే కోపమూ లేదు. కోపమల్లా మర్నాడు వెళ్ళిన క్లినిక్ మీద. టార్చి వేసి ఒక్క క్షణం చూసి, లోపలంతా నూనె ఉంది, సరిగ్గా కనబడట్లేదు, జలుబుతో దిబ్బడేసింది అని చెప్పి యాంటీబయాటిక్, జలుబు మాత్రలు, చెవి చుక్కలు రాసి వారం తర్వాత రమ్మన్నారు. ఆ చెవికి వినబడుతోందా లేదా అని ఒక్క మాట అడగలేదు. నేనూ చెప్పలేదు, ఎందుకంటే నాకే తెలియదు. ఒక చెవి బాగా పనిచేస్తుంటే ఇంట్లో మాటలన్నీ వినబడుతూనే ఉంటాయి, రెండోది పోయిందని అంత తొందరగా తెలియదు.

శనివారం తెలిసింది. మావారు ఆఫీసు నుంచి ఫోన్ చేశారు. ఎప్పటిలాగే కుడి చెవికి పెట్టుకుని "ఏమండీ, వినబడట్లేదు, సిగ్నల్ లేదేమో" అని మూడుసార్లు అన్నాను. చూస్తే కాల్ నడుస్తూనే ఉంది. ఎడమ చెవికి మార్చగానే ఆయన గట్టిగా "హలో, హలో" అనడం వినబడింది. మళ్ళీ కుడి చెవికి పెట్టాను, నిశ్శబ్దం. మళ్ళీ ఎడమకి. వంటింట్లో నిలబడి అలా ఎన్నిసార్లు మార్చానో. కాళ్ళలో వణుకొచ్చేసింది.

ఆ సాయంత్రమే ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళ్ళాం. నాకంటే పదిహేనేళ్ళు చిన్న ఉంటారు ఆవిడ. ముందు నూనె అంతా సన్న గొట్టంతో పీల్చేసి, మైక్రోస్కోపు కింద చూసి, కర్ణభేరి శుభ్రంగా ఉంది, గుబిలి లేదు అన్నారు. తర్వాత మా స్కూలు ల్యాబ్‌లో ఉండే శ్రుతిదండం లాంటిదే ఒకటి తీసి, మోగించి, దాని కాడ నా నుదుటి మధ్యలో ఆనించి "ఎటువైపు వినబడుతోంది మేడమ్?" అని అడిగారు. ఎడమవైపు అన్నాను. ఆవిడ ముఖం మారింది. "వినికిడి పరీక్ష, ఆడియోగ్రామ్, రేపు కాదు, ఇప్పుడే చేద్దాం" అన్నారు.

అది ఎందుకో తర్వాత చెప్పారు. గుబిలి వల్లో జలుబు వల్లో చెవి మూసుకుపోతే నుదుటి మీద పెట్టిన శబ్దం మూసుకున్న చెవిలోనే గట్టిగా వినబడుతుంది. లోపలి చెవి, నరం దెబ్బతింటే బాగున్న చెవివైపు పోతుంది. శ్రుతిదండం లేకపోయినా నోరు మూసుకుని "ఊఁ" అని కూనిరాగం తీస్తే కొంతవరకు ఇదే తెలుస్తుందట. మూసుకున్న చెవిలో గట్టిగా వినబడితే చాలావరకు బయటి కారణం, బాగున్న చెవిలో వినబడితే ఆలస్యం చేయకుండా డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. ఇది పరీక్షకు బదులు కాదు, కానీ సోమవారం పొద్దున్నే నాకు ఇది తెలిసి ఉంటే నూనె జోలికి పోయేదాన్ని కాదు.

ఆడియోగ్రామ్ కాగితం చూశాక నాకు విషయం పూర్తిగా అర్థమైంది. అందులో గ్రాఫు తలకిందులుగా ఉంటుంది, గీత కిందికి పోయేకొద్దీ చెవుడు ఎక్కువ. ఎడమ చెవి 20 డెసిబెల్స్ దగ్గర, కుడి చెవి 70 దగ్గర. చాలామంది ఇది 50 మార్కుల తేడాలా చూస్తారు. డెసిబెల్ అనేది సంవర్గమానం, ప్రతి 10కీ శక్తి పది రెట్లవుతుంది, అంటే 50 తేడా ఉంటే లక్ష రెట్లు. నా ఎడమ చెవికి వినబడే అతి చిన్న శబ్దం కుడి చెవికి వినబడాలంటే దాని శక్తి లక్ష రెట్లు పెరగాలి. పిల్లలకు ఏళ్ళ తరబడి సంవర్గమానాలు చెప్పినదాన్ని, ఆ లెక్క నా చెవి మీదే వేసుకోవాల్సి వస్తుందని అనుకోలేదు. కాగితం పట్టుకుని ఏడ్చేశాను.

మూడు రోజుల్లోపు, వరుసగా మూడు పౌనఃపున్యాల (శ్రుతి స్థాయిల) దగ్గర 30 డెసిబెల్స్ గానీ అంతకంటే ఎక్కువ గానీ వినికిడి పడిపోతే దాన్ని ఆకస్మిక నరాల చెవుడు అంటారని డాక్టర్ గారు చెప్పారు. బోనాల డప్పుల వల్లా, లౌడ్ స్పీకర్ వల్లా అని అడిగాను. డప్పుల మోత వల్లయితే సాధారణంగా రెండు చెవులూ దెబ్బతింటాయి అన్నారు. వైరస్ అని, లోపలి చెవికి రక్తం తీసుకెళ్ళే సన్న నాళంలో అడ్డు అని రకరకాల అనుమానాలున్నాయి గానీ నూటికి 90 మందిలో కారణం తేలదట. నరం మీద గడ్డ ఉందేమో చూడడానికి ఎంఆర్ఐ తీయించారు, కొద్దిమందిలో అది మొదట ఇలాగే బయటపడుతుందట. రిపోర్టు వచ్చేదాకా రెండు రాత్రులు ఎవరికీ నిద్ర లేదు. అదృష్టం, గడ్డ లేదు.

దీనికి వాడే మందు స్టెరాయిడ్. మొదటి రెండు వారాల్లో మొదలుపెడితేనే ఎక్కువ ఉపయోగం అంటారు, అందులో ఆరు రోజులు నేను నూనెకీ చుక్కలకీ ఇచ్చేశాను. ఇక్కడ షుగర్ అడ్డొచ్చింది. నా మూడు నెలల షుగర్ సగటు (హెచ్‌బీఏ1సీ) అప్పుడు 8.4 శాతం, స్టెరాయిడ్ మాత్రలు మింగితే ఎక్కడికి పోతుందో అని భయం. మా మరిది ఫోన్ చేసి "వదినా, మాత్రలూ గీత్రలూ వద్దు, పెద్దాసుపత్రిలో చేరి సెలైన్‌లో పెద్ద డోసు ఎక్కించుకో, మా ఆఫీసులో ఒకాయనకి అలాగే తగ్గింది" అని ఒకటే పట్టు. డాక్టర్ గారు రెండూ వద్దన్నారు. మందుని కర్ణభేరి గుండా నేరుగా మధ్య చెవిలోకి ఇంజెక్షన్ చేద్దాం, రెండు వారాల్లో నాలుగుసార్లు, ఒంట్లోకి పోయేది చాలా తక్కువ కాబట్టి షుగర్ మీద అంత ప్రభావం ఉండదు అన్నారు.

చెవిలో సూది అనగానే గుండె జారింది. నిజానికి నొప్పి నేను భయపడినంత లేదు. పక్కకు తిప్పి పడుకోబెట్టి, కర్ణభేరికి మొద్దుబారే మందు రాసి, కాసేపాగి, మైక్రోస్కోపులో చూస్తూ సన్న సూదితో మందు వదిలారు. మందుని ఒంటి వేడికి వెచ్చబెట్టి ఇస్తారు, చల్లగా ఉంటే కళ్ళు తిరుగుతాయట. అయినా మొదటిసారి ఒక నిమిషం గది మొత్తం గిర్రున తిరిగింది, మంచం అంచు గట్టిగా పట్టుకున్నాను. అన్నిటికంటే కష్టమైనది ఆ తర్వాతి అరగంట. కదలకూడదు, మాట్లాడకూడదు, ఉమ్మి మింగకూడదు. మింగితే మధ్య చెవి నుంచి గొంతులోకి ఉండే గొట్టం తెరుచుకుని మందు కారిపోతుంది. మధ్య చెవికీ లోపలి చెవికీ నడుమ చిన్న కిటికీ ఉంటుంది, దానికి పల్చటి పొర, మందు ఆ పొర గుండా నత్తగుల్లలా చుట్టుకున్న లోపలి చెవిలోకి ఇంకాలి. మింగొద్దు అన్నాక నోట్లో నీళ్ళూరడం ఎక్కువవుతుంది. నేను మనసులో ప్రధాన సంఖ్యలు లెక్కపెట్టుకుంటూ పడుకునేదాన్ని. రెండోసారి ఆగలేక ఒక్క గుటక మింగేశాను, గొంతులో చేదు తగిలింది, మందు మొత్తం పోయిందేమో అని ఇంటికొచ్చి కూడా బెంగే.

రెండో ఇంజెక్షన్ తర్వాత ఆడియోగ్రామ్‌లో కుడి చెవి 70 నుంచి 62కి వచ్చింది. నాలుగూ అయ్యాక 50. మూడు నెలలకి 40. మధ్యలో వినికిడి వింతగా వచ్చింది. కుక్కర్ విజిల్ ఎడమ చెవిలో ఒక శ్రుతి, కుడి చెవిలో ఇంకో శ్రుతి, రెండు కుక్కర్లు కలిసి కూసినట్టు. మావారి గొంతు పగిలిన స్పీకర్లోంచి వస్తున్నట్టు. స్టీలు పళ్ళెం సింకులో పడితే చెవిలో కత్తి దిగినట్టుండేది. కానీ ఏదో ఒకటి వినబడుతోంది, అదే చాలనిపించింది.

కాస్త కుదుటపడ్డాక మా అబ్బాయితో ఇంటర్నెట్లో పరిశోధనలు వెతికించి చదివాను. అంకెలైతే నాకు అర్థమవుతాయి కదా. అమెరికాలో 250 మంది మీద చేసిన ఒక అధ్యయనం 2011లో వచ్చింది. సగం మందికి రోజూ 60 మిల్లీగ్రాముల మాత్రలు, సగం మందికి నాకు చేసినట్టే చెవిలో నాలుగు ఇంజెక్షన్లు. రెండు నెలలకి మాత్రల వాళ్ళకి సగటున 30.7 డెసిబెల్స్, ఇంజెక్షన్ల వాళ్ళకి 28.7 డెసిబెల్స్ మెరుగు. అంటే దాదాపు సమానం. షుగర్ ఉన్నవాళ్ళకి ఇది ఎంత పెద్ద విషయమో ఆలోచించండి, మింగలేని మందుకి అంతే పనిచేసే ఇంకో దారి ఉంది.

రెండోది జర్మనీలో 325 మంది మీద చేసింది, ఫలితాలు 2023 చివర్లో వచ్చాయి. మా మరిది చెప్పిన పెద్ద డోసు సంగతి సరిగ్గా ఇదే. ఒక జట్టుకి రోజుకి 250 మిల్లీగ్రాముల ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ రక్తనాళంలోకి ఐదు రోజులు, ఇంకో జట్టుకి 40 మిల్లీగ్రాముల డెక్సామెథసోన్ అనే ఇంకో స్టెరాయిడ్ మాత్రలు, మూడో జట్టుకి మామూలు 60 మిల్లీగ్రాముల ప్రెడ్నిసోలోన్. పెద్ద డోసు వాళ్ళకి వినికిడి ఎక్కువేమీ రాలేదు, దుష్ప్రభావాలు మాత్రం ఎక్కువ. ఇది మరిదికి పంపించాను. "సరే వదినా" అని ఒక్క మాట పెట్టాడు, నాకు అంతే చాలు. మన దగ్గర పెద్ద డోసంటే పెద్ద వైద్యం అనే నమ్మకం బలంగా ఉంది, అది తప్పు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఏ మందూ లేకుండానే మూడో వంతు నుంచి మూడింట రెండొంతుల మందికి దాకా కొంత వినికిడి దానంతటదే తిరిగొస్తుందని కూడా చదివాను. కాబట్టి నా 30 డెసిబెల్స్ ఇంజెక్షన్ల వల్లే వచ్చాయని ప్రమాణం చేసి చెప్పలేను. మళ్ళీ అయినా మాత్రం మొదటి రోజే ఇంజెక్షన్ చేయించుకుంటాను.

చుట్టాలు పంపిన వాట్సాప్ వార్తల్లో "చెవుడుకి జన్యు చికిత్స వచ్చేసింది" అని ఒకటి ఉంది. ఆశపడి డాక్టర్ గారిని అడిగాను. వార్త నిజమే, చైనాలో శాంఘైలోని ఫుడాన్ విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో ఓటాఫ్ అనే జన్యువు లోపంతో చెవుడుగా పుట్టిన ఆరుగురు పిల్లలకి చికిత్స చేస్తే ఐదుగురికి వినికిడి వచ్చిందని 2024 జనవరిలో ప్రకటించారు. కానీ అది ఆ జన్యువు దోషానికే, నా లాంటివాళ్ళకి కాదు. మనుషుల్లో లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే కణాలు ఒకసారి చచ్చిపోతే మళ్ళీ పుట్టవట. నాకు నిరాశ కలిగింది, కానీ ఒక విషయం తెలిసి ఇంటికొచ్చేదాకా అదే తలుచుకున్నాను. ఆ పిల్లలకీ మందు పోసింది నాకు ఇంకించిన ఆ చిన్న కిటికీ గుండానే. పుట్టాక ఒక్క శబ్దమూ వినని పిల్ల అమ్మ పిలిస్తే తిరిగి చూసిందంటే ఆ తల్లికి ఎలా ఉండి ఉంటుంది!

ఇప్పుడు 20 డెసిబెల్స్ తేడా మిగిలింది, వంద రెట్లు. హోరు తగ్గింది గానీ పోలేదు, రాత్రి ఫ్యాను వేసుకుంటే దాని చప్పుడులో కలిసిపోతుంది. శబ్దం ఎటునుంచి వస్తోందో చెప్పడమే కష్టం. రెండు చెవులకీ శబ్దం చేరే కాలంలో సెకనులో వెయ్యో వంతు కంటే తక్కువ తేడా ఉంటుంది, మెదడు దాన్ని, రెండువైపులా వినబడే గట్టిదనాన్ని పోల్చుకుని దిక్కు తెలుసుకుంటుంది. నాకు ఆ పోలిక సరిగ్గా కుదరదు. మల్కాజిగిరి చౌరస్తాలో హారన్ వినబడితే ఆటో ఎటునుంచి వస్తోందో తెలియక ఒక్క క్షణం ఆగిపోతాను, అందుకే రోడ్డు మీద మావారు ఎప్పుడూ నా ఎడమ పక్కనే నడుస్తారు. క్లాసులో కుడి భుజం గోడవైపు ఉండేలా నిలబడతాను. పిల్లలకి మొదటి రోజే విషయం చెప్పేశాను. ఇప్పుడు జవాబు చెప్పే ముందు చెయ్యెత్తి పేరు చెబుతారు, వెనక బెంచీ అల్లరి పిల్లలు కూడా. నేను అడగకుండానే ఒక అమ్మాయి మొదలుపెట్టింది ఆ పద్ధతి.

పోయిన నెల మా సోషల్ టీచర్ స్టాఫ్ రూంలో "పొద్దున్నుంచి ఎడమ చెవి దిబ్బడేసింది అక్కా, ఇంటికెళ్ళి నూనె వేసుకుంటా" అంది. నోరు మూసుకుని "ఊఁ" అనమన్నాను. మూసుకున్న చెవిలోనే గట్టిగా వినబడుతోంది అంది. అయినా నాకు మనసొప్పలేదు, హెడ్మాస్టర్ గారికి చెప్పి, ఆటో ఎక్కించి కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రికి తీసుకెళ్ళాను. ఓపీలో గంటకు పైగా కూర్చున్నాం. లోపల గుబిలే. నల్లగా వేరుశనగ గింజంత ముక్క తీశారు. పాపం, అనవసరంగా నన్ను తిప్పానని ఆమె దారి పొడవునా క్షమాపణలు చెబుతూనే ఉంది, నేను ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.