ఓపీ రిజిస్టర్‌లో లేనివాళ్లు

ఇవాళ ఎండంతా బెంగళూరు మాగడి రోడ్డు వెనక సందుల్లోనే. వచ్చే ఏడాది మా ఆసుపత్రి చుట్టుపక్కల జనానికి ఏం చేయాలో తేల్చే సర్వే నడుస్తోంది, ఆ ఫారాలు పట్టుకుని నేనూ మా నర్సక్కా ఇల్లిల్లూ తిరుగుతున్నాం. ఆ సందుల్లో చాలామంది పౌరకార్మికులు, అంటే నగరం రోడ్లు ఊడ్చేవాళ్లు, రాయలసీమ నుంచి ఎప్పుడో తాతల కాలంలో వచ్చినవాళ్లు, ఇళ్లలో ఇప్పటికీ తెలుగే. వాళ్లు పని దిగి వచ్చేది మధ్యాహ్నం రెండు దాటాకే కాబట్టి ఎండైనా అప్పుడే వెళ్లాలి.

మొన్న మీటింగ్‌లో ఓపీ రిజిస్టర్ ముందు పెట్టుకుని లెక్క తీశారు. షుగర్, బీపీ, మోకాళ్ల నొప్పులు ఎక్కువ, కాబట్టి షుగర్ క్యాంపు పెడదాం అన్నారు. షుగర్ క్యాంపు అక్కర్లేదని నేననను. కానీ రిజిస్టర్‌లో ఉండేది వచ్చినవాళ్ల జబ్బులే కదా, రాలేనివాళ్ల సంగతి దాన్నెంత తిరగేసినా దొరకదు.

ఇవాళ ఆడవాళ్లు ఒకరి తర్వాత ఒకరు చెప్పింది ఒకటే, ఒంటికి పోసేటప్పుడు మంట, నడుం పక్కన నొప్పి. ఒకామె అయితే, "పొద్దన్నే ఆరుకల్లా హాజరు వేయాల మేడమ్, మేం ఊడ్చే రోడ్డులో బాత్రూం యాడుంది? అందుకే నీళ్లే తాగం" అంది. నీళ్లు తాగక, వచ్చినా గంటల తరబడి ఆపుకుంటే క్రిములు మూత్రాశయంలోనే పెరుగుతాయి, అవి పైకి పాకితే కిడ్నీల దాకా పోతుంది. మందుల షాపులో రెండు మాత్రలు కొనుక్కుని, మంట తగ్గగానే ఆపేస్తున్నారు, కొన్నాళ్లకు మళ్లీ మొదలు. మరి ఆసుపత్రికి ఎందుకు రారు? మా ఓపీ పొద్దున తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా, సరిగ్గా వాళ్లు రోడ్డు మీద ఉండే టైం. రావాలంటే ఆ రోజు కూలి వదులుకోవాలి. ఇంతకంటే పెద్ద కారణం ఇంకేం కావాలి?

నర్సక్క కనురెప్పలు లాగి చూసి, చాలామందికి రక్తం తక్కువలా ఉంది, పరీక్ష చేయించాలి అంది. దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ఆ అంకె ఎన్నోసార్లు చదివాను గానీ, తెల్లగా పాలిపోయిన ఆ రెప్పలు చూస్తుంటే మనసు అదోలా అయిపోయింది.

అమెరికాలో 2010 నాటి ఆరోగ్య చట్టం ప్రకారం, లాభాపేక్ష లేని ఆసుపత్రులు పన్ను మినహాయింపు నిలబెట్టుకోవాలంటే మూడేళ్లకోసారి ఇలాంటి సర్వే చేసి తీరాలి. అందులో పేదలు, వైద్యం అందనివాళ్ల మాట వినాలి, రిపోర్టు జనానికి అందుబాటులో పెట్టాలి, ఏ అవసరం తీరుస్తారో, తీర్చలేకపోతే ఎందుకో రాయాలి. ఆ చివరిది నాకు చాలా నచ్చింది. మా దగ్గర తీర్చలేనివి మాటల్లోనే పోతాయి. బాత్రూములు కట్టడం ఆసుపత్రి పని కాదు, నిజమే. కానీ జబ్బు ఎక్కడ పుడుతోందో చూసింది మేమే కాబట్టి, కార్పొరేషన్‌కు ఆసుపత్రి లెటర్‌హెడ్ మీద రాయాల్సింది కూడా మేమే.

రాత్రి కూర్చుని రిపోర్టు రాశాను. వారానికి రెండు రోజులు సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా ఓపీ, అక్కడే మూత్రం, హిమోగ్లోబిన్ పరీక్షలు, ఆడ డాక్టరు, కౌంటర్‌లో తెలుగు వచ్చిన మనిషి. ల్యాబ్ టెక్నీషియన్‌కు ఆ మూడు గంటల జీతం ఎక్కడి నుంచి అని తప్పకుండా అడుగుతారు. షుగర్ క్యాంపు షామియానా, బ్యానర్ల ఖర్చు తగ్గిస్తే ఎంత మిగులుతుందో రేపు అకౌంట్స్‌లో కనుక్కోవాలి, సోమవారం మీటింగ్‌కు ముందే.