కోరీలు గుడ్లు పెట్టిన ఆదివారం

పొద్దున్నుంచీ ముసురు. భోజనాలయ్యాక అక్వేరియంలో పావు వంతు నీళ్లు తీసేసి, క్లోరిన్ పోగొట్టిన కొత్త నీళ్లు నింపాను. హైదరాబాద్‌లో ఈ వానలకి నీళ్లు ఎలాగూ చల్లబడ్డాయి, అలాగే పోసేశాను. దక్షిణ అమెరికా వాగుల్లో కోరీలనే ఈ చిన్న చేపలకి వానాకాలం మొదలైందని తెలిసేది చల్లటి కొత్త నీరు వచ్చి కలిసినప్పుడే.

మావి కంచు రంగు కోరీలు. మూడంగుళాలు కూడా దాటని జెల్లలు. ఒంటి మీద పొలుసులుండవు, రెండు పక్కలా రెండేసి వరసల్లో ఎముక పలకలుంటాయి. అక్క కొడుకు చూస్తుండగానే ఒకటి అడుగు నుంచి బాణంలా పైకి దూసుకొచ్చి, మళ్లీ కిందికి పోయింది.

"పిన్నీ, దానికి ఊపిరాడట్లేదు!"

గాలి మింగి పేగుల్లోంచి ఆక్సిజన్ తీసుకుంటుందిరా అని చెప్పాను. మన కొర్రమీను కూడా పైకొచ్చి గాలి పీలుస్తుంది, కానీ దానికి ఆ ఏర్పాటు తలలో, మొప్పల పైన ఉంటుంది. అప్పుడప్పుడూ ఒకటి వస్తే మామూలే. అన్నీ పదే పదే వస్తుంటేనే నీళ్లలో ఏదో తేడా ఉన్నట్టు.

వీటిని 'అడుగు శుభ్రం చేసే చేప' అని ఒక్కటంటే ఒక్కటి చేతిలో పెట్టి పంపే దుకాణాలున్నాయి. ఆ మాట వింటే నాకు బాధేస్తుంది. ఇవి మిగతా చేపల మలం తిని బతకవు. లైటు ఆర్పాక వీటికంటూ మునిగే గుళికలు వేయాలి. మీసాలతో వెతుక్కుని తింటాయి కాబట్టి గరుకు రాళ్లు కాకుండా మెత్తటి ఇసుక కావాలి. ఆరుకి తక్కువైతే బెదురుతో మూలనే ఉండిపోతాయి.

సాయంత్రానికి మగవి ఆడదాని వెంట పడటం మొదలైంది. ఒక మగది అడ్డంగా తిరిగింది, ఆడది దాని పొట్ట దగ్గర నోరు ఆనించింది. ఆడది మగదాని వీర్యాన్ని మింగుతుందని, అది పేగుల గుండా వేగంగా వెళ్లి గుడ్ల దగ్గర బయటికి వస్తుందని జపాన్ పరిశోధకులు 1995లో రాశారు. ఇంత చిన్న ఒంట్లో పేగు ఊపిరికీ పనికొస్తుంది, సంతానానికీ పనికొస్తుంది! తర్వాత ఆడది పొట్ట కింది రెక్కల మధ్య గుడ్లు పట్టుకుని, అద్దం మీద చోటు వెతికి అతికించింది. మావాడు హోంవర్క్ సంగతే మర్చిపోయాడు, నేనూ గుర్తు చేయలేదు.

వదిలేస్తే ఆ పెద్దవే గుడ్లు తినేస్తాయి. అందుకే రాత్రి వేలితో మెల్లగా దొర్లించి గుడ్లన్నీ వేరే డబ్బాలోకి మార్చి, గాలి బుడగలు వదిలే ఎయిర్ స్టోన్ పెట్టాను. బూజు పట్టి తెల్లబడినవి రోజూ ఏరేయాలి. మూడు నాలుగు రోజుల్లో పిల్లలు వస్తాయి. ఈలోగా వాటికి మేత కోసం ఆర్టీమియా అనే చిట్టి రొయ్యల్లాంటి జీవుల గుడ్లు తెచ్చి ఉంచాలి, రేపు ఆఫీసు నుంచి వచ్చేటప్పుడు కొంటాను.