బుల్లెట్ క్లచ్ కవరూ, ఏడు నంబర్ల వాటర్ పేపరూ

మా నాన్న బుల్లెట్ 350 పాత పోతఇనుము ఇంజిన్ బండి. గేర్లు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. ఆయన రిటైరయ్యాక ఆరేళ్లు వరండాలోనే ఉండిపోయింది. మాది కాకినాడ, గాలిలోనే ఉప్పు. బ్యాటరీ మార్చి, కార్బురేటర్ కడిగాక ఇంజిన్ అయితే పలికింది గానీ అల్యూమినియం కవర్లు చూస్తే అటక మీద మర్చిపోయిన గిన్నెల్లా ఉన్నాయి. ఎప్పుడో ఎవరో వాటిమీద క్లియర్ కోట్, అంటే రంగులేని వార్నిష్ లాంటి పూత, కొట్టారు. అది కొన్నిచోట్ల పెచ్చులూడి, మిగతాచోట్ల పసుపెక్కింది. పెచ్చు లేచిన దగ్గర్నుంచి తేమ లోపలికి పాకి, పొర కిందే తెల్లటి సన్న దారాల్లా తుప్పు అల్లుకుపోయింది. పైన ఎంత తుడిచినా పోదు, ఎందుకంటే అది పైన లేదు.

సలహాలకు లోటు లేదు. అమ్మ చింతపండు పెట్టి తోమమంది. పక్కింటాయన బాత్‌రూమ్ యాసిడ్ అన్నాడు. ఆఫీసులో ఒకాయన కాస్టిక్ సోడా నీళ్లలో పది నిమిషాలు ముంచితే కొత్తదైపోతుందన్నాడు. ఎందుకైనా మంచిదని షెడ్డులో దొరికిన పాత పిస్టన్ మీద సోడా నీళ్లు కొంచెం పోసి చూశాను. బుసబుసమని పొంగింది, కడిగితే పిస్టన్ నల్లగా తేలింది. సోడా అల్యూమినియాన్ని తినేస్తుంది, పోతలో కలిసిన సిలికాన్‌ని మాత్రం తినదు. ఆ మిగిలినదే నల్లటి మసి. పొంగేది హైడ్రోజన్, పక్కన అగ్గిపుల్ల గీస్తే అంటుకునే రకం. ఆ సలహా అక్కడితో సరి.

ఇంతకీ మెరుగుపెట్టడానికి ఏ కవర్లు ఇప్పాలి? నాన్న కాలం నుంచీ మా బండి చూసే మెకానిక్ బాబాయ్‌ని అడిగాను.

"క్లచ్ కవరు ఇప్పుకో. టాపెట్ కవరూ, పాయింట్ల మూతా ఇప్పుకో. టైమింగ్ కవరు జోలికి మాత్రం పోకు అబ్బాయ్."

"ఏం బాబాయ్, అదే కదా అందరికీ ముందు కనబడేది?"

"ఆయిల్ పంపులు ఉండేది దాన్లోనే. నీ బఫింగ్ మట్టి ఆయిల్ దారిలో ఇరుక్కుందంటే మెరిసే కవరూ, పట్టేసిన ఇంజినూ మిగుల్తాయి నీకు."

ఈ పని మొత్తంలో నాకు దొరికిన మంచి మాట ఇదే. టైమింగ్ కవరూ, గేర్‌బాక్స్ కవరూ బండి మీదే ఉంచి చేత్తో రుద్దాలని అప్పుడే అనుకున్నాను.

ఎడమవైపు క్లచ్ కవరు ఊడదీయడం ఈ బండిలో సులువే. ఆయిల్ పట్టడానికి కింద బేసిన్ పెట్టి, ఫుట్‌రెస్టూ బ్రేక్ పెడలూ తీసేస్తే మధ్యలో ఒకే ఒక్క పెద్ద నట్టు. అంత పెద్ద కవరుకూ అదే ఆధారం. చుట్టూ ఉన్న రబ్బరు సీలు గట్టిపడి బిస్కెట్టులా విరిగింది. ఎలాగూ కొత్తది కొనాల్సిందే.

క్లియర్ కోట్‌ని పెయింట్ రిమూవర్‌తో తీశాను. గ్లవ్స్ వేసుకున్నా మణికట్టు మీద ఒక చుక్క పడింది, నిప్పురవ్వ పడ్డట్టే. వెంటనే పంపు కింద పెట్టి చాలాసేపు కడగాల్సి వచ్చింది. ఇది గదిలో చేసే పని కాదు, పెరట్లో గాలి తగిలేచోట చేయాలి.

తరవాత వాటర్ పేపర్, అంటే నీళ్లతో తడిపి రుద్దే గరుకు కాగితం. నంబరు పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది. 220, 320, 400, 600, 800, 1000, 1500. బకెట్‌లో నీళ్లు, దాంట్లో రెండు చుక్కల గిన్నెల సబ్బు. ఆ సబ్బు లేకపోతే అల్యూమినియం పొడి పేపర్‌కి పట్టేసి ఉండలు కట్టి, కొత్త గీతలు అదే పెడుతుంది. ఒక నంబరుతో నిలువుగా రుద్దితే తరవాతి నంబరుతో అడ్డంగా రుద్దాలి. నిలువు గీతల్లో ఒక్కటి కనిపించినా పేపర్ మార్చకూడదు. రూలు ఇంతే. నేను పాటించలేదు. రెండో ఆదివారం విసుగొచ్చి 320 నుంచి ఒక్క గెంతులో 800కి పోయాను. నీళ్లతో తడిగా ఉన్నప్పుడు అద్దంలా కనిపించింది, సంబరపడి ఇత్తడి సామాన్లకు మెరుగుపెట్టే కొట్టుకు పట్టుకెళ్లాను.

ఆ పెద్దాయన మిషన్ ఆన్ చెయ్యనేలేదు. కవరుని తుడిచి, ఎండకి ఏటవాలుగా పట్టి చూపించాడు. వందల గీతలు. "నేను మెరిపిస్తే ఇవి కూడా మెరుస్తాయండి" అన్నాడు. మళ్లీ ఇంటికి. మళ్లీ 400 నుంచి మొదలు. ఇంకో రెండు ఆదివారాలు పోయాయి.

కవరు కింది అంచున లోతైన గాటొకటి ఉంది. ఇంటర్‌లో నాన్నకి చెప్పకుండా బండి తీసి జగన్నాథపురం వంతెన దిగాక పడేసినప్పటిది. పూర్తిగా పోగొట్టాలంటే చుట్టూ లోహం బాగా అరగదీయాలి, అక్కడ కవరు పల్చబడుతుంది. దాని పదునైన అంచులు మాత్రం ఆకురాయితో చదును చేసి వదిలేశాను. పోతలో ఉన్న చిన్నచిన్న గుంటలూ అంతే. ఒకదాని వెంటపడి అరగదీస్తే కింద ఇంకోటి బయటపడుతుంది.

రెండోసారి పెద్దాయన ఒప్పుకున్నాడు. ముందు గట్టి చక్రం మీద గోధుమరంగు బఫింగ్ సబ్బు, తరవాత మెత్తటి గుడ్డ చక్రం మీద తెల్ల సబ్బు. ఆ రెండు చక్రాలూ వేరువేరుగా ఉంచుతాడు, ఒకదాని సబ్బు ఇంకోదానికి తగలనివ్వడు. కవరుని ఎప్పుడూ చక్రానికి మధ్యభాగం కంటే కిందనే తాకించాడు. పైఅంచు తగిలితే చక్రం లాక్కుని విసిరేస్తుందట. ఇంటికొచ్చి పాయింట్ల మూతని డ్రిల్లుకి బిగించిన చిన్న చక్రంతో నేనే చేశాను. అది చేతిలోంచి ఎగిరి తులసికోటకి తగిలిన చప్పుడుకి అమ్మ బయటికొచ్చి ఏమీ అనకుండా లోపలికెళ్లింది. మళ్లీ రెండు నంబర్లు వెనక్కి.

టైమింగ్ కవరు చుట్టూ టేపు అంటించి, చేత్తోనే 600 నుంచి 1500 దాకా రుద్ది, మెటల్ పాలిష్‌తో ముగించాను. క్లచ్ కవరంత మెరుపు రాలేదు. పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది గానీ, ఒకటి కుడివైపు, ఒకటి ఎడమవైపు. రెండూ ఒకేసారి చూసేవాడెవడు?

మళ్లీ క్లియర్ కోట్ కొట్టించమన్నారు చాలామంది. నేను కొట్టించలేదు. ఉప్పుగాలిలో ఒక్క రాయి తగిలి పెచ్చు లేచిందంటే మళ్లీ ఆ తెల్ల దారాలే, మళ్లీ రిమూవరే. ఉత్త లోహమైతే మసకేస్తుంది, కానీ అరగంట పాలిష్‌తో తేరుకుంటుంది. కిరసనాయిల్‌తో బఫింగ్ జిడ్డు తీసి, సబ్బునీళ్లతో కడిగి, కారు మైనం పట్టించి వదిలేశాను. వర్షాకాలంలో నెలకి రెండుసార్లు మైనం పెట్టాల్సి వస్తోంది. ఆ మాట ముందే ఒప్పుకోవాలి.

తిరిగి బిగించడంలో ఇంకో తప్పు చేశాను. కారకూడదని ఆ ఒక్క నట్టునీ ప్రాణం పెట్టి బిగించాను. ఆయిల్ మట్టం చూసే లెవెల్ స్క్రూ తీసి, అక్కడ కారడం మొదలయ్యేదాకా ఆయిల్ పోసి, స్క్రూ బిగించాను. తెల్లారేసరికి కింద అరచేతి వెడల్పు మరక. బాబాయ్ వచ్చి చూసి నవ్వాడు. నట్టు మరీ బిగిస్తే కవరు మధ్యలో నొక్కుకుని అంచుల దగ్గర లేస్తుందట. నట్టు వదులు చేసి, సీలు గాడిలో సరిగ్గా కూర్చోబెట్టి, మామూలుగా బిగించాడు. కింద ఒక అట్టముక్క వేసి వెళ్లాడు.

మూడోరోజుకి అట్ట పొడిగానే ఉంది. అయినా తియ్యలేదు. బుల్లెట్ కదా.