ఫెస్‌లో పెంబర్తి చప్పుడు

ఫెస్ నుంచి వచ్చి పది రోజులైనా ఆ సుత్తి దెబ్బలు నా చెవుల్లోంచి పోలేదు. తమ్ముడు స్పెయిన్‌లో ఉంటాడు, వాడిని చూడ్డానికి వెళ్లినప్పుడు నాన్నను కూడా తీసుకుని మొరాకో వెళ్లొచ్చాం. ఫెస్‌కి ఉన్నది ఒక్కరోజే.

పొద్దున్నే బాబ్ బూ జెలూద్ గుమ్మంలోంచి పాత ఊళ్లోకి దిగాం. బయటివైపు నీలం టైల్స్, లోపలికి వెళ్లి వెనక్కి తిరిగి చూస్తే ఆకుపచ్చ. ఈ గుమ్మం 1913లో కట్టిందే, లోపలి ఊరికి మాత్రం పన్నెండు వందల ఏళ్లు దాటాయి. సందుల్లోకి బండి రాదు. గ్యాస్ సిలిండర్లు, బస్తాలు, తోళ్లు అన్నీ కంచరగాడిదల మీదే వస్తాయి. వెనకనుంచి "బాలక్! బాలక్!" అని అరుపు వినిపిస్తే గోడకి అతుక్కుపోవాలి, అంతే.

ఫోన్‌లో మ్యాప్ గంటలోపే చేతులెత్తేసింది. నాన్నకి మోకాళ్ల నొప్పులు కదా, నాకు టెన్షన్ మొదలైంది. ఒక టీ కొట్టు పెద్దాయన చేత్తోనే దారి చెప్పాడు: దిగుతూ పోతే ఊరి నడిబొడ్డు, ఖరవియ్యీన్ మసీదు వస్తుంది, ఎక్కుతూ పోతే మళ్లీ గుమ్మం. ఆ తర్వాత మ్యాప్ తీయలేదు. దారిలో ఒక పిల్లాడు చెక్క మీద పచ్చి రొట్టె ముద్దలు పరుచుకుని, గుడ్డ కప్పి, వీధి పొయ్యి దగ్గరికి పట్టుకెళ్తున్నాడు. ఇంట్లో పిండి కలుపుకుని అక్కడ కాల్పించుకుంటారు.

ఖరవియ్యీన్‌ని 859లో ఫాతిమా అల్ ఫిహ్రీ అనే ఆవిడ కట్టించిందని చెబుతారు. ముస్లింలు కానివాళ్లు లోపలికి వెళ్లకూడదు, అందుకని గుమ్మం దగ్గరే నిలబడి వాకిలి చూశాం. దాని పక్కనే అత్తారీన్ మదర్సా. అక్కడికి అందరికీ ప్రవేశం ఉంది. కింద టైల్స్, వాటిపైన సున్నంలో చెక్కిన లతలు, ఇంకా పైన దేవదారు చెక్కపని, గోడలో ఎక్కడా ఖాళీ లేదు. కట్టడం మొదలుపెట్టింది 1323లో అని చదవగానే నాన్న ఆగిపోయాడు. మాది హనుమకొండ. 1323 అంటే మాకు ఓరుగల్లు కోట పడిపోయిన ఏడు, ప్రతాపరుద్రుడిని పట్టుకుపోయిన ఏడు. ఆ సైన్యాన్ని నడిపించిన ఉలుగ్ ఖానే తర్వాత మహమ్మద్ బిన్ తుగ్లక్ అయ్యాడు. ఢిల్లీలో ఆయన దగ్గర ఖాజీగా పనిచేసిన ఇబ్న్ బతూతా ఇల్లు చేరాక తన యాత్రలన్నీ చెప్పి రాయించింది ఈ ఫెస్‌లోనే, 1355 నాటికి. రాయించమన్న సుల్తాన్ అబూ ఇనాన్ కట్టించిన మదర్సానే మేం పొద్దున చూసొచ్చాం. మా కోటలో నాలుగు తోరణాలు నిలబడి ఉన్నాయి, మిగతా గుడంతా నేలమీద ముక్కలై ఉంది. నాన్న చాలాసేపు ఆ గోడ మీదనుంచి చెయ్యి తియ్యలేదు. నాకూ గొంతు పట్టేసింది.

షువారా తోళ్ల లందలు చూడాలంటే తోలు కొట్ల మేడ ఎక్కాలి. ఎక్కేముందు చేతిలో పుదీనా రెమ్మ పెడతారు, దాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నా వాసన ఆగదు. తెల్ల తొట్లలో సున్నం, పావురాల రెట్ట. తోలు మెత్తబడేది వాటితోనే. పక్కన రంగు తొట్లు. మనుషులు తొడలదాకా దిగి కాళ్లతో తొక్కుతున్నారు. నేను రెండు ఫొటోలు తీసి ఫోన్ లోపల పెట్టేశాను, వాళ్లంత కష్టపడుతుంటే పైనుంచి ఫొటోలు తీయడం నాకు నచ్చలేదు.

ఆఖరికి సఫ్ఫారీన్ చౌరస్తాకి వచ్చాం. ఇంకా సందు మలుపు తిరగలేదు, నాన్న అన్నాడు, "ఇది మన పెంబర్తి చప్పుడే బిడ్డా!" నిజంగానే అదే, మా ఇత్తడి పనివాళ్ల ఊరు పెంబర్తిలో వినిపించే చప్పుడే. చెట్టు కింద, కొట్ల ముందు రాగి పనివాళ్లు వరసగా కూర్చుని కొడుతున్నారు. పెళ్లి వంటల గుండిగలు మనిషి పట్టేంత పెద్దవి. ఒక పెద్దాయన దాగలి మీద చిన్న గిన్నె తిప్పుతూ కొడుతున్నాడు, దెబ్బ పక్కన దెబ్బ, ఒక్కో దెబ్బకి శనగ బద్దంత మచ్చ, గిన్నె చుట్టూ ఒకే వరస. మధ్యలో సుత్తి ఆపి బొటనవేలితో తడిమి, ఎక్కడో ఎత్తుగా తగిలితే మళ్లీ అక్కడే మెల్లగా రెండు దెబ్బలు.

నాన్న ఆ గిన్నె కొంటానన్నాడు. డబ్బులిచ్చే ముందు, పెంబర్తిలో ఇత్తడి కొనేటప్పుడు చేసినట్టే, గిన్నెని చెవి దగ్గర పెట్టుకుని గోటితో మీటాడు. ఆ పెద్దాయన నవ్వేసి ఇంకో గిన్నె తీసి తన చెవి దగ్గర పెట్టుకుని మీటి, తల అడ్డంగా ఊపి పక్కన పడేశాడు. మూడోది మీటాక నాన్న చేతికిచ్చాడు. ఇద్దరికీ ఒక్క భాష కూడా కలవదు.