మేనకోడలి గేమింగ్ పీసీ: 90 వాట్లు దాటితే పడిపోతోంది

గ్రాఫిక్స్ కార్డు బాగానే ఉంది, ర్యామ్ బాగానే ఉంది, వేడి కూడా లేదు. అయినా ఆకివీడు దగ్గర అక్క వాళ్ళింట్లో సాయంత్రం ఏడు దాటిందంటే చాలు, ఆట మధ్యలో స్క్రీన్ నల్లబడి పీసీ రీస్టార్ట్ అయిపోతోంది. భీమవరంలో మా ఇంట్లో అదే పీసీ, అవే ఆటలు, రాత్రి పొద్దుపోయేదాకా నడిపినా ఒక్కసారీ మొరాయించలేదు. "మావయ్యా, మళ్ళీ పోయింది" అని ఎనిమిదేళ్ళ పిల్ల ఫోన్ చేస్తుంటే నాకు బీపీ పెరిగిపోతోంది.

పీసీ సంగతి క్లుప్తంగా చెప్పేస్తాను. మానిటర్ కాకుండా బడ్జెట్ 25 వేలు. ఆఫీసుల నుంచి వచ్చే సెకండ్ హ్యాండ్ చిన్న డబ్బా, ఐ5-8500, 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్‌ఎస్‌డీతో 14,500. పాత లో-ప్రొఫైల్ (చిన్న డబ్బాలో పట్టే పొట్టి రకం) జీటీఎక్స్ 1650 కార్డు 7,800. మిగిలిన డబ్బు ఇంకో 8 జీబీ స్టిక్‌కే పోయింది; ర్యామ్ ధరలు పెరిగాక చిన్న స్టిక్ కొనాలన్నా ప్రాణం ఉసూరుమంటోంది. ఆరో తరం ఐ5 డబ్బా ఇంకా చౌకగా వస్తుంది. కానీ విండోస్ 10కి సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, ఇంటెల్‌లో విండోస్ 11 అధికారికంగా ఎక్కేది దాదాపు ఎనిమిదో తరం నుంచే. చిన్నపిల్ల వాడే పీసీకి సెక్యూరిటీ అప్‌డేట్లు రాకపోతే ఎలా? 1050 టీఐ కూడా అందుకే వద్దనుకున్నాను. అది పాస్కల్ అనే పాత తరం కార్డు, ఎన్విడియా దానికి కొత్త ఆటల డ్రైవర్లు ఆపేసింది. 1650కి ఇంకా వస్తున్నాయి, పైగా స్లాట్ ఇచ్చే 75 వాట్లతోనే నడుస్తుంది, వేరే పవర్ వైరు అక్కర్లేదు (కొన్ని మోడళ్ళకి ఉంటుంది, చూసి కొనాలి). బజార్లో రంగురంగుల లైట్ల ఫ్యాన్లు బిగించి "ఐ7 గేమింగ్ పీసీ" అని అమ్మేవాటిలో 2012 నాటి మూడో తరం చిప్పులు బోలెడు. ఐ7 అన్న స్టిక్కర్ని నమ్మకుండా దాని పక్కన ఉన్న నంబర్ చూడండి.

మైన్‌క్రాఫ్ట్, రాకెట్ లీగ్ రెండూ 1080పీలో హాయిగా సెకనుకి 60 ఫ్రేములు దాటుతున్నాయి. చైల్డ్ అకౌంట్, రోజుకి గంట టైమర్, పిల్ల చేతికి సరిపోయే చిన్న మౌస్, అన్నీ కుదిరాయి.

ఇక అసలు తలనొప్పి. విండోస్ తప్పులు రాసిపెట్టుకునే ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్-పవర్ 41 తప్ప ఏమీ లేదు. అంటే ఏం జరిగిందో విండోస్‌కీ తెలియలేదన్నమాట. ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్ రాత్రంతా నడిపితే ఒక్క తప్పూ రాలేదు. ఆటలో కార్డు 68 డిగ్రీలు, ప్రాసెసర్ 71. డ్రైవర్ పూర్తిగా తుడిచి మళ్ళీ వేసినా అదే వరస. అప్పుడు బయాస్‌లోకి (మదర్‌బోర్డు సెట్టింగుల్లోకి) వెళ్ళి, కరెంటు పోయి వస్తే పీసీ దానంతటదే ఆన్ అవ్వాలనే సెట్టింగ్ తీసేశాను. ఆ రోజు సాయంత్రం ఆట మధ్యలో ఆగిన పీసీ మళ్ళీ లేవలేదు, ఆఫ్ అయ్యే ఉంది. విండోస్ పడిపోయి రీస్టార్ట్ అయితే ఇలా ఉండదు. కాబట్టి ఆటనీ డ్రైవర్నీ వదిలేసి కరెంటు మీద పడ్డాను.

సాకెట్‌లో మల్టీమీటర్ పెట్టి కూర్చుంటే మధ్యాహ్నం 228 వోల్టులు. ఆరున్నరకి 214. ఏడుంబావుకి 191. ఎనిమిదయ్యేసరికి 176కీ 184కీ మధ్య ఊగుతోంది. "చీకటి పడ్డాక చుట్టుపక్కల చెరువులన్నిట్లో ఏరియేటర్లు తిరుగుతాయి కదయ్యా, ఇంకేం వోల్టేజీ ఉంటుంది" అన్నారు బావగారు. ఆయనవీ వనామీ రొయ్యల చెరువులే; ఏరియేటర్లంటే చెరువు నీళ్ళకి గాలి అందించే మోటార్లు.

కానీ లో వోల్టేజీ ఒక్కటే కారణం అంటే నాకు మింగుడు పడలేదు. ఈ పీసీ ఎస్‌ఎంపీఎస్ (లోపల కరెంటుని మార్చి ఇచ్చే పవర్ సప్లై) మీద 100 నుంచి 240 వోల్టులు అని రాసి ఉంది, 176 దానికి లెక్క కాదు. చెవి పెట్టి వింటే అసలు సంగతి హాల్లో ఉన్న ఇన్వర్టర్ దగ్గర తెలిసింది: టక్, టక్ మని కొట్టుకుంటోంది. యూపీఎస్ మోడ్‌లో పెట్టి ఉంది. ఆ మోడ్‌లో సుమారు 180 వోల్టుల కింద ఇన్వర్టర్ బ్యాటరీకి మారిపోతుంది, పైకి రాగానే మళ్ళీ లైనుకి. కరెంటు సరిగ్గా ఆ గీత మీదే ఊగుతుంటే అది అటూ ఇటూ మారుతూనే ఉంటుంది. మారే ప్రతిసారీ కొన్ని మిల్లీసెకన్లు పీసీకి కరెంటు ఉండదు, ఆ కాస్తసేపూ ఎస్‌ఎంపీఎస్ లోపల కరెంటు కాస్త దాచుకునే కెపాసిటర్ మోయాలి. లోడ్ మూడింతలైతే అది మోయగలిగే సమయం మూడో వంతుకి పడిపోతుంది. డెస్క్‌టాప్ మీద ఊరికే ఉన్నప్పుడు ఎప్పుడూ ఆగకుండా ఆటలోనే ఎందుకు ఆగుతోందో దీంతో అర్థమైంది.

ఇన్వర్టర్‌ని నార్మల్ మోడ్‌కి మార్చి చూశాను. టకటకలు ఆగాయి. కానీ నిజంగా కరెంటు పోయినప్పుడు గ్యాప్ ఇంకా ఎక్కువ, ఊరికే ఉన్న పీసీ కూడా ఆగిపోతోంది. ఇన్వర్టర్ లేకుండా నేరుగా లైనుకి పెడితే 178 వోల్టుల్లోనూ రాకెట్ లీగ్ నిక్షేపంగా నడిచింది, అంటే లో వోల్టేజీ నిర్దోషి.

తర్వాత నా 600 వీఏ యూపీఎస్ తెచ్చి ఇన్వర్టర్ లైను కాకుండా మామూలు లైనుకి పెట్టాను. ఇన్వర్టర్ వెనకాల యూపీఎస్ పెట్టకండి, చాలా ఇన్వర్టర్లు బ్యాటరీ మీద ఇచ్చే స్క్వేర్ వేవ్‌ని (లైను కరెంటులా నున్నగా ఉండదు) చాలా యూపీఎస్‌లు కరెంటుగా ఒప్పుకోవు, బ్యాటరీ తాగేస్తాయి. వోల్టేజీ తగ్గితే ఇది తనే పెంచి ఇస్తోంది, ఊగిసలాట పూర్తిగా పోయింది. ఇక అయిపోయిందనుకుని, కరెంటు పోయినట్టు యూపీఎస్ ప్లగ్ గోడ నుంచి పీకి చూస్తే, అయిపోలేదు. వాట్ మీటర్ పెట్టి తీసిన లెక్కలివి: ఊరికే 31 వాట్లు, ఆగలేదు. మైన్‌క్రాఫ్ట్ 60 ఫ్రేములకి కట్టేస్తే 71, ఆగలేదు. రాకెట్ లీగ్ 60కి కట్టేస్తే 88, దాదాపు ఎప్పుడూ ఆగట్లేదు. షేడర్లతో (వెలుగునీ నీళ్ళనీ అందంగా చూపించే యాడ్-ఆన్) మైన్‌క్రాఫ్ట్ 118, ఆగిపోయింది. రాకెట్ లీగ్ పగ్గాలు వదిలేస్తే 134, ఆగిపోయింది. యూపీఎస్ మీద 360 వాట్లు అని ఉంది కాబట్టి ఓవర్‌లోడ్ కాదు. అదే యూపీఎస్ మీద, మామూలు 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్ ఉన్న నా సొంత పీసీ 140 వాట్ల దగ్గర ప్లగ్ పీకినా చెక్కుచెదరలేదు.

కాబట్టి అనుమానం ఈ డబ్బా ఎస్‌ఎంపీఎస్ మీదే. ఏళ్ళ తరబడి ఆఫీసులో నడిచి కెపాసిటర్ నీరసించి ఉండాలి, లేదా బ్యాటరీ మీద యూపీఎస్ ఇచ్చే మెట్లమెట్ల వేవ్ దీనికి పడకపోయి ఉండాలి. నా ఓటు మొదటిదానికే. రెండోదే అయితే బ్యాటరీ మీద కాసేపు నడిచాక కూడా ఆగాలి. ఇది మారిన క్షణంలో బతికితే తర్వాత బ్యాటరీ ఉన్నంతసేపూ నడుస్తోంది.

మీటర్ చేతిలో ఉండగా ఇంకోటి బయటపడింది. క్యాబినెట్ ముట్టుకుంటే చిన్నగా జిల్లుమంటోంది. న్యూట్రల్‌కీ క్యాబినెట్‌కీ మధ్య 97 వోల్టులు! సాకెట్ ఎర్త్ రంధ్రం వెనక వైరే లేదు. చెప్పుల్లేకుండా తడి కాళ్ళతో పిల్ల కూర్చునే చోటు అది. మన నేలలో నాలుగడుగులు తవ్వితే నీళ్ళు, ఎర్త్‌కి ఇంతకన్నా మంచి చోటు ఎక్కడుంటుంది? ఎలక్ట్రీషియన్‌ని పిలిచి అదే రోజు వేయించాం. పిల్లలకి పీసీ కొనేవాళ్ళు కార్డు సంగతి తర్వాత, ముందు ఇది చూసుకోండి.

ప్రస్తుతానికి రెండు ఆటలూ 60 ఫ్రేములకి కట్టేసి, షేడర్లు తీసేశాను. మానిటర్ ఎలాగూ 60 హెర్ట్జే, కాబట్టి పిల్లకి రాకెట్ లీగ్‌లో తేడా తెలియట్లేదు. షేడర్లు పోయినందుకు మాత్రం అలిగింది, నీళ్ళల్లో ఆకాశం కనపడట్లేదట.

ఈ డబ్బాకి మామూలు ఎస్‌ఎంపీఎస్ పెట్టలేం, మదర్‌బోర్డు కనెక్టర్ 24 పిన్నులది కాదు. మార్పిడి కేబుల్ దొరుకుతుంది గానీ నేను చూసినవాటి వైర్లు మరీ సన్నం, పిల్ల గదిలో పెట్టే ధైర్యం లేదు. ఇదే మోడల్ పాత ఎస్‌ఎంపీఎస్ కోసం విజయవాడలో ఒకరికి చెప్పి ఉంచాను. ఈలోగా తాడేపల్లిగూడెంలో స్నేహితుడి దగ్గర ప్యూర్ సైన్ వేవ్ (మెట్లు లేకుండా లైను కరెంటులాగే ఇచ్చే) యూపీఎస్ ఉంది, ఆదివారం తెస్తాను. దాని మీద 118 వాట్లు నిలబడితే నా ఓటు తప్పి ఉండొచ్చు, కెపాసిటర్ జోలికి పోనక్కర్లేదేమో.

బావగారి తమ్ముడు వాళ్ళబ్బాయికీ ఒకటి కావాలంటున్నారు. ఈసారి ఆఫీస్ డబ్బా జోలికి పోను. లోపలే గ్రాఫిక్స్ ఉన్న రైజెన్ 5 5600జీ ప్రాసెసర్, మామూలు సైజు మదర్‌బోర్డు, కొత్త ఎస్‌ఎంపీఎస్, కార్డు తర్వాత చూసుకోవచ్చు. ర్యామ్ మాత్రం రెండు స్టిక్కులు ఉండాల్సిందే, లోపలి గ్రాఫిక్స్‌కి ఒక్క స్టిక్ చాలదు. లేదా గ్రాఫిక్స్ కార్డు ఉన్న పాత ల్యాప్‌టాప్, బ్యాటరీ దాంట్లోనే ఉంటుంది కాబట్టి ఈ గోలే ఉండదు. 30 వేల లోపు బ్యాటరీ బాగున్నది దొరికితే చెప్పమని ఇప్పటికే ఇద్దరి చెవిన వేశాను.