ఎక్స్‌పీలో తెలుగు విడిపోతోందా? ముందు "స్త్రీ" అని పేస్ట్ చేసి చూడండి

విండోస్ ఎక్స్‌పీలో తెలుగు సరిగా రాకపోతే చాలామంది ఇంకో ఫాంటు దించుతారు. అదీ కాకపోతే మరొకటి. పది వేసినా అక్షరం కుదుటపడదు, ఎందుకంటే లోపం ఎక్కువసార్లు ఫాంటులో ఉండదు.

నోట్‌ప్యాడ్‌లో "స్త్రీ" అని పేస్ట్ చేయండి. డబ్బాలు వస్తే తెలుగు ఫాంటు లేదు. స, త, ర విడివిడిగా నిలబడి పొల్లులు పక్కన కనిపిస్తే ఫాంటు ఉంది, వత్తుల్ని కలిపే విండోస్ భాగం, యూనిస్క్రైబ్, పని చేయట్లేదు. అదే మాట ఫైర్‌ఫాక్స్ 52లో చక్కగా వస్తే ఇక అనుమానమే అక్కర్లేదు. ఫైర్‌ఫాక్స్ తనతోనే తెచ్చుకునే హార్ఫ్‌బజ్ అనే ప్రోగ్రాంతో అక్షరాలు కలుపుకుంటుంది, నోట్‌ప్యాడ్ విండోస్ మీదే ఆధారపడుతుంది.

యూనిస్క్రైబ్ పని చేయాలంటే కంట్రోల్ ప్యానెల్‌లో రీజనల్ అండ్ లాంగ్వేజ్ ఆప్షన్స్ తెరిచి, లాంగ్వేజెస్ ట్యాబ్‌లో కాంప్లెక్స్ స్క్రిప్ట్ అన్న మొదటి గడికి టిక్కు పెట్టండి. 10 ఎంబీ చోటు కావాలి. ఎక్స్‌పీ సీడీ అడుగుతుంది, సీడీ లేకపోతే దానిలోని ఐ386 ఫోల్డర్ కాపీ చూపించినా చాలు. రీస్టార్ట్ చేయనిదే ఫలితం కనిపించదు. గౌతమి ఫాంటు దీంతోపాటే వస్తుంది.

విడిగా ఫాంటు వేసేటప్పుడు జిప్ విప్పి, ఫాంట్స్ ఫోల్డర్‌లో ఫైల్ మెనూ నుంచి ఇన్‌స్టాల్ న్యూ ఫాంట్ నొక్కండి. అడ్మినిస్ట్రేటర్ అకౌంట్‌లోనే చేయాలి. అడుగున కాపీ ఫాంట్స్ అన్న టిక్కు తప్పకుండా ఉండాలి. అది తీసేసి పెన్‌డ్రైవ్ నుంచి వేస్తే, పెన్‌డ్రైవ్ లాగిన తర్వాత ఫాంటు పనిచేయదు.

కొన్ని కొత్త ఫాంట్లకు మాత్రం ఎక్స్‌పీలో దారి లేదు. వత్తులు ఎలా కలవాలో చెప్పే నియమాలు ఓపెన్‌టైప్ ఫాంటులో ఒక ట్యాగ్ కింద ఉంటాయి. ఎక్స్‌పీకి తెలిసిన తెలుగు ట్యాగ్ 'టీఈఎల్‌యూ' ఒక్కటే. 'టీఈఎల్2' తర్వాత వచ్చింది. ఆ రెండోదే పెట్టిన ఫాంటు విండోస్ 10లో ముత్యాల్లా ఉంటుంది, ఎక్స్‌పీలో వత్తులు ఊడిపోతాయి. అలాంటిదానితో కుస్తీ పట్టకుండా గౌతమి గానీ, దేశికాచార్యులు గారి పోతన2000 గానీ వాడుకోవడం మేలు.

తెరిచిన ఫైలులో తెలుగు బదులు ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులు గజిబిజిగా ఉంటే అది బహుశా యూనికోడ్ (అన్ని కంప్యూటర్లకూ ఒకటే అయిన అక్షర సంకేతాల పద్ధతి) పాటించని అను ఫాంట్లలో కొట్టిన పాత మ్యాటర్. దానికి అదే ఫాంటు వేయాలి, లేదా కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చాలి. పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 7లో పని ఉన్నవాళ్లు ఆ మార్పిడి అసలు చేయకండి. అందులో యూనికోడ్ తెలుగు నిలవదు, అను లాంటి పాత ఫాంట్లే కావాలి.